మెరోయి లిపి కంప్యూటర్‌కెక్కిన కథ

ఈస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి, మైల్ ఎండ్‌లో సెంట్రల్ లైన్‌కు మారితే హోబర్న్. అక్కడి నుంచి బ్రిటిష్ మ్యూజియానికి నడిచే వెళ్లొచ్చు. ఊరి నుంచి చుట్టాలు వస్తే అక్కడికి తీసుకెళ్తాం, అందరూ రొసెట్టా శిల దగ్గరే ఆగిపోతారు. అదే మ్యూజియం సేకరణలో హమదాబ్ శిల అని ఇంకో శాసనం ఉంది. 1914లో సూడాన్‌లో జాన్ గార్‌స్టాంగ్ తవ్వకాల్లో బయటపడింది. కుష్ రాజ్యపు రాణి అమనిరెనస్, రాకుమారుడు అకినిదద్ పేర్లు అందులో చదవగలం. మిగతా పాఠంలో చాలా భాగం ఇవాళ్టికీ అర్థం కాలేదు.

ఆ శాసనం ఉన్నది కుష్ రాజ్యంవాళ్లు వాడిన మెరోయి లిపిలో. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఈజిప్టు లిపుల నుంచి రూపుదిద్దుకుంది. బొమ్మల అక్షరాలు ఒక రకం, గొలుసుకట్టు రాత ఇంకో రకం. ఈజిప్టువాళ్ల వందలాది గుర్తుల స్థానంలో 23 అక్షరాలతోనే పని జరుపుకున్నారు. ఇందులో తెలుగువాళ్లకు వెంటనే పట్టుబడే సంగతి ఒకటుంది. హల్లు ఒంటరిగా ఉంటే అందులో 'అ' కలిసే ఉంటుంది. 'మి' కావాలంటే 'మ' రాసి పక్కన 'ఇ' రాస్తారు. మన గుడిలా అక్షరం నెత్తిన కూర్చోదు, తన చోట తాను నిలబడుతుంది. రాత కుడి నుంచి ఎడమకు.

ఈ అక్షరాల ధ్వనులను 1911 నాటికి తేల్చినవాడు ఫ్రాన్సిస్ లూయెలిన్ గ్రిఫిత్. వాద్ బాన్ నఖాలో దొరికిన ఒక పీఠం మీద నటకమని రాజు, అమనితోరే రాణి పేర్లు ఈజిప్టు లిపిలోనూ మెరోయి లిపిలోనూ ఉన్నాయి. ఆయనకు దారి చూపినవి ఆ పేర్లే. కానీ భాషను విప్పడానికి పేర్లు చాలవు, రొసెట్టా శిలలా ఒకే పాఠాన్ని తెలిసిన భాషలోనూ చెప్పే పెద్ద శాసనం కావాలి. అది దొరకలేదు.

పండితులు చాలాకాలం ఈ శాసనాలను రోమన్ లిపిలోకి మార్చుకునే పనిచేశారు. అసలు లిపిలోనే చూపాలంటే రోమన్ అక్షరాల చోట పాత లిపి రూపాలు కూర్చిన ఫాంట్లే దిక్కు. వాటి సంగతి తెలుగులో 'అను' ఫాంట్లతో డీటీపీ చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా గజిబిజి. మైకేల్ ఎవర్సన్ ప్రతిపాదన రాశాక, 2012 జనవరిలో, లిపులకు కంప్యూటర్ సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ ప్రమాణం 6.1 కూర్పు ఈ లిపికి సొంత సంకేతాలిచ్చింది: బొమ్మల అక్షరాలకు 32, గొలుసుకట్టుకు 26. కొన్ని అక్షరాలకు రెండేసి రూపాలుండటం వంటి కారణాలతో లెక్క 23 దాటింది.

అర్థం తెలియని భాషకు ఇదంతా ఎందుకు? తెలియదు గనకే కావాలి. దొరికిన శాసనాలు వెయ్యికి పైనే. ఒక మాట ఏయే శాసనాల్లో వచ్చింది, దాని పక్కన ఏముంది అని పోల్చి చూస్తేనే అర్థం ఊహకు అందుతుంది. అలా వెతకాలంటే ప్రతి అక్షరానికీ ఎక్కడ తెరిచినా మారని సంకేతం ఉండాలి. మెరోయి గొలుసుకట్టు అంకెలు, భిన్నాలు 2015లో యూనికోడ్ 8.0తో వచ్చాయి. మన పాత శాసనాల్లోని 'ౚ' అక్షరానికి చోటు దొరికింది కూడా అదే కూర్పులో.