సెయింట్ జార్జ్ డిఫెన్స్

చదరంగంలో తెల్లపావుల ఆటగాడు రాజు ముందున్న బంటును ఈ4 గడికి నడిపినప్పుడు, నల్లపావుల ఆటగాడు బోర్డు అంచున ఉన్న బంటును ఏ6కు జరిపి జవాబిచ్చే ఆరంభాన్ని సెయింట్ జార్జ్ డిఫెన్స్ అంటారు. 1868లో ఆనాటి మేటి ఆటగాడు స్టెయినిట్జ్ ఒకేసారి పలువురితో ఆడినప్పుడు బేకర్ అనే ఆటగాడు దీనితోనే ఆయన్ను ఓడించాడు. అందుకే దీనికి బేకర్ డిఫెన్స్ అన్న పేరూ ఉంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దీన్ని పెద్ద ఆటగాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. 1980లో స్వీడన్‌లోని స్కారాలో, ఐరోపా జట్ల పోటీలో, ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ టోనీ మైల్స్ దీన్ని అప్పటి ప్రపంచ విజేత కార్పోవ్‌పై ప్రయోగించి 46 ఎత్తుల్లో గెలిచాడు. ప్రత్యర్థి కంగుతిన్నాడు కాబట్టే ఆ గెలుపు దక్కిందని అనేవారున్నారు. ఆట నడిచిన తీరు చూస్తే ఆ మాట నిలవదు.

ఈ ఆరంభంలో నల్లపావులు నడిబోర్డును వదులుకోవు, దానికోసం పోరును కాస్త వాయిదా వేస్తాయి. ఏ6 అండతో బంటు బీ5కు వెళ్తుంది, బీ7లో చేరిన శకటు, ఎఫ్6లోని గుర్రం కలిసి ఈ4 బంటుకు గురిపెడతాయి. కార్పోవ్ ఆరో ఎత్తులో ఏ4తో బీ5 బంటును కదిలించబోయాడు. మైల్స్ దాన్ని కాపాడుకుంటూ కూర్చోకుండా సీ5 వేశాడు. డీ4 బంటు సీ5ను కొట్టడంతో తెల్లపావుల నడిబోర్డు సగం కరిగింది. ఆపై ఈ5కు నెట్టిన బంటు నల్ల గుర్రాన్ని డీ5కు పంపింది గానీ, తానే కాపు కాయాల్సిన బరువైంది. మైల్స్ 24వ ఎత్తులో మంత్రితో బీ2 బంటును, మరుసటి ఎత్తులో ఆ ఈ5 బంటును కొట్టాడు. వెంటనే కార్పోవ్ డీ7 బంటును రాబట్టుకున్నా, ఒక బంటు లోటు మిగిలింది. మొదటి ఎత్తు తెచ్చిన కంగారు పాతిక ఎత్తుల దాకా ఉండదు. ఇక్కడ పనిచేసింది బీ7 శకటు, సీ5 దెబ్బ.

మరి అంత మంచిదైతే అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎందుకు వాడరన్న ప్రశ్న న్యాయమైనదే. ఇంగ్లండ్‌కే చెందిన మైకేల్ బాస్మన్ దీన్ని పట్టుదలగా ఆడినా, పెద్ద టోర్నీల్లో ఇది అరుదు. ఏ6 వల్ల ఒక్క పావూ బయటికి రాదు. ఈలోగా తెల్లపావులు ఈ4, డీ4 రెండింటినీ ఆక్రమించి, నిలకడగా కాపాడుకుంటే నల్లపావులకు చోటు ఇరుకవుతుంది. ఈ లోపం నిజమే. కానీ అది ఏ6, బీ5, బీ7 శకటు అన్న ఆలోచనలో లేదు. సిసిలియన్ అనే మరో ఆరంభంలోని నైడార్ఫ్ శాఖలో ఇవే ఎత్తులు తరచూ కనిపిస్తాయి, వాటిని ఎవరూ తప్పుపట్టరు. అక్కడ ముందు సీ5 బంటు డీ4 బంటుతో మార్పిడి అవుతుంది, ఐదో ఎత్తులో గానీ ఏ6 రాదు. సెయింట్ జార్జ్‌లో తిరగబడింది ఆ వరుస మాత్రమే.