చర్చి కిటికీలో దొరికిన కొలబద్ద

వంటనూనె రంగుకు మన అగ్‌మార్క్ ప్రమాణాల్లో చిన్న లెక్క ఉంది. పసుపు అంకెకు ఎరుపు అంకెను అయిదింతలు చేసి కలపాలి. వేరుశెనగ నూనె ఛాయకు ఇంత నిక్కచ్చి కూడికా అని మురిసిపోయి, ఆ అంకెలిచ్చే స్కేలు పేరు పట్టుకుని బయల్దేరాను. లొవిబాండ్. తీరా చూస్తే ఆయన బీరు తయారుచేసే మనిషి!

జోసెఫ్ లొవిబాండ్‌ది ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ. బీరు నాణ్యతను రంగు పట్టిస్తుందని ఆయన నమ్మకం. కానీ లేత, ముదురు అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. రంగు ద్రావకాలు పక్కన పెట్టి పోల్చి చూశాడు. అవి నిలవలేదు, మారిపోయాయి. చివరికి ఊళ్లోని కెథీడ్రల్ రంగుటద్దాల కిటికీలు ఆయనకు దారి చూపాయంటారు. గాజు రంగు వెలవదు కదా! ఎరుపు, పసుపు, నీలం గాజు పలకలకు వరుసగా అంకెలు వేశాడు. 1885 నాటికి టింటోమీటర్ సిద్ధమైంది. కన్ను పెట్టి చూస్తే పక్కపక్కనే రెండు గళ్లు: ఒకదాంట్లో బీరు, రెండోదాంట్లో తెల్లటి వెలుతురుకు అడ్డంగా పలకలు. రెండూ ఒకే రంగయ్యేదాకా పలకలు మార్చి అంకెలు రాసుకోవడమే. నాకు ముచ్చటేసేది ఆ జాగ్రత్త: రెంటికీ ఒకటే వెలుతురు, ద్రవం మందం కూడా ముందే ఖాయం.

రంగుకు అంకెలు వేసే పని అక్కడితో ఆగలేదు. 1931లో రంగుల్ని చూసే మనిషి కంటిచూపునే అంకెల్లోకి దించారు. 1976లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న కొడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్ పేరిట కెమెరా సెన్సర్ మీది రంగు గళ్లకు పేటెంటు వచ్చింది. అందులో సగం ఆకుపచ్చవే. అదే ఊరి విశ్వవిద్యాలయంలో చదివిన మైఖేల్ స్వెయిన్, అక్కడి ఆచార్యుడు డానా బల్లార్డ్ 1991లో బొమ్మల్ని రంగుల లెక్కతో కంప్యూటర్ పోల్చే పద్ధతి ప్రచురించారు. ఒక బొమ్మలో ఎర్ర చుక్కలు 300, ఇంకోదాంట్లో 200 ఉంటే, కలిసినవి 200. ప్రతి రంగుకూ ఇలా చిన్న అంకె తీసుకుని కూడితే పోలిక తేలుతుంది. వస్తువు తలకిందులైనా లెక్క చెడదు. కానీ ఏ రంగు ఎక్కడుందో పోయింది. టమాటా రాశీ ఎర్రజెండా చుట్టాలైపోతాయి.

అంతకన్నా నన్ను బాధించేది వెలుతురు. మా ఇంట్లో చిలకపచ్చ చీరకు పెరట్లో ఒక ఫొటో, పసుపు బల్బు కింద ఒక ఫొటో తీసి ఆ పద్ధతిలో పోల్పిస్తే, వేర్వేరు చీరలని తేలింది. లొవిబాండ్ ఈ పోలికకు ఒప్పుకునేవాడు కాదు. జాగ్రత్తపరులు ఇప్పటికీ ఫొటోలో వస్తువు పక్కన 24 రంగు గళ్ల కార్డు పెడతారు. దాంతో యంత్రానికీ ఆయన రెండో గడి దొరికినట్టే.