ఎర్రగుంట్ల కల్లంగడి: ఆఖరి పాట

1938 సెప్టెంబరు 30, శుక్రవారం. మద్రాసు–బొంబాయి రైలుదారి మీదున్న ఎర్రగుంట్లలో పొద్దు గుంకింది. నాపరాళ్లు కొట్టి అలిసిన కూలీలు ఒంటి మీది దుమ్మయినా దులుపుకోకుండా కల్లంగడి చేరుకున్నారు. ఇక్కడి మాటలు మన ఊహ, తేదీ మాత్రం చరిత్రది.

"ఏమప్పా, రేపట్నించి నిజంగానే ముయ్యాల్నా?"

"ఇంగ అంగడి పాటే లేదంట. కడప జిల్లా అంతా మూతే."

"మనకే యాలన్నా? కర్నూలు జిల్లాలో తాగొచ్చంట గదా!"

నిజమే, అక్కడ తాగొచ్చు. మద్రాసు ప్రధాని రాజాజీ మద్యనిషేధాన్ని 1937లో తన సొంత జిల్లా సేలంలో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి చిత్తూరుకూ కడపకూ తెచ్చారు. నిషేధం పెట్టి వేగలేక అమెరికా చేతులెత్తేసి అప్పటికి అయిదేళ్లే.

పొద్దున్నే ముంతలు బోర్లించారు. ఈతచెట్లు గీసి బతికేవాళ్ల కత్తులకు పని పోయింది. కూలి డబ్బులు ఇంటికొచ్చాయని సంతోషించిన ఆడవాళ్లూ ఉండే ఉంటారు. కానీ అంగడి పాటల సొమ్ముతో నడిచే ఖజానా ఏం కావాలి? రాజాజీ 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. ఈ కథలో అసలు పాత్ర నా లెక్కన ఆ పన్నే. యుద్ధం నడుమ నిషేధం సడలింది, పన్ను సడలలేదు.

1948కి రాష్ట్రమంతా మళ్లీ మూత. 1969లో ఆంధ్రలో సడలింపు. ఎనభైల్లో సారా ప్యాకెట్లలోకి ఎక్కింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి నడిచారు. మరుసటేడు అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో ఎన్టీఆర్ అన్నీ మూయించారు, 1997లో చంద్రబాబు తెరిచారు. 2019లో, అదీ అక్టోబరు 1నే, బ్రాందీ షాపులు ప్రభుత్వం చేతికొచ్చాయి. ఆ తేదీకీ మన అంగళ్లకూ ఏం లంకెనో!

2024 అక్టోబరులో షాపులు తిరిగి ప్రైవేటుకు పోయాయి. ఇప్పుడు పాట లేదు, లాటరీ. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులు. ఒక్కోదానికి 2 లక్షలు, షాపు రాకున్నా తిరిగివ్వరు. ఒక్క సీసా మూత తియ్యకముందే సర్కారుకు దగ్గరదగ్గర 1,800 కోట్లు ముట్టాయి.