పొయ్యిలో ఫ్యానేమిటే!

కిందటి నెల అమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఓవెన్‌లో బెండకాయ ముక్కలు వేయిస్తున్నాను. లోపలినుంచి గుయ్‌మని చప్పుడు వస్తోంది. "ఏమిటే ఆ మోత?" అంది. లోపల ఫ్యాన్ తిరుగుతోందమ్మా అన్నాను. "పొయ్యిలో ఫ్యానేమిటే! మంట ఆరిపోదూ?" అంది.

నవ్వాను గానీ, అమ్మ అడిగినదాంట్లో తప్పేముంది? మంట రెపరెపలాడుతుందని మే నెలలో కూడా ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ వంట చేసేవాళ్లం మనం. గాలికీ పొయ్యికీ పడదని మనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మరి ఆ గాలిని తెచ్చి పొయ్యి లోపలే పెట్టిందెవరు?

అమ్మ ఎరిగిన ఓవెన్ వేరు. మా అమ్మమ్మగారింట్లో దిబ్బరొట్టె కుంపటి మీద కాలేది. మందపాటి గిన్నెలో నూనె పోసి, పిండి వేసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు పరిచేవారు. కింద సెగ, పైన సెగ. బిర్యానీ దమ్‌కి మూత మీద బొగ్గులు వేసేదీ ఈ పద్ధతే. రొట్టె అద్భుతంగా కుదిరేది. కానీ ఎవరో ఒకరు అక్కడే కూర్చుని నిప్పులు సవరిస్తూ ఉండాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు అమ్మ. నిప్పులున్న మూత జారి అయిన మచ్చ ఆవిడ ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ ఉంది.

ఇక గాలి సంగతి. వేడి కాఫీ మీద ఊదితే ఎందుకు చల్లారుతుంది? కాఫీని అంటిపెట్టుకున్న వేడి గాలిని మన ఊపిరి తోసేస్తుంది కాబట్టి. ఓవెన్‌లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చల్లటి కూరముక్క లోపల పెట్టగానే దాని చుట్టూ చల్లటి, చెమ్మ గాలి దుప్పటిలా చుట్టుకుంటుంది. చుట్టూ ఎంత వేడి ఉన్నా ఆ దుప్పటి దాటి లోపలికి రావడానికి టైము పడుతుంది. ఫ్యాన్ ఆ దుప్పటి లాగేస్తుంది. అంతే! అందుకే మామూలు ఓవెన్‌కి 200 డిగ్రీలని రాసిన వంటను ఫ్యాన్ ఉన్నదాంట్లో 180లోనే చేసుకోవచ్చు.

ఫ్యాన్ లేని రోజుల్లోనే ఈ ఆలోచన వచ్చినాయన ఒకాయన ఉన్నాడు. బెంజమిన్ థాంప్సన్ అనే అమెరికాలో పుట్టినాయన. జర్మనీలోని బవేరియా రాజ్యంలో కొలువు చేసి, కౌంట్ రమ్‌ఫర్డ్ అయ్యాడు. మ్యూనిక్‌లో బిచ్చగాళ్లకు పని ఇచ్చి, సూపు వండి పెట్టే ఏర్పాటు చేశాడు. అంతమందికి వండాలంటే కట్టెల ఖర్చు తెలిసొస్తుంది కదా! ఆపిల్ పై మిగతా వంటకాలకంటే అంతసేపు వేడిగా ఎందుకుంటుందా అని కూడా ఆలోచించాడట. (అన్నం పెట్టగానే వంకలు పెట్టే మగవాళ్లను చూశాం గానీ, వేడెందుకు తగ్గలేదని ఆలోచించినవాణ్ణి ఇక్కడే చూశాను.) అప్పట్లో అక్కడ మాంసాన్ని నెగడు లాంటి మంట ముందు కాల్చేవారు. వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోకి పోయేది, మిగిలింది వంటమనిషి మొహానికి కొట్టేది. రమ్‌ఫర్డ్ ఇటుకల్లో ఇనుప గొట్టం లాంటి పెట్టె అమర్చి, కింద చిన్న మంట పెట్టి, ఆ మంట మీదుగా రెండు గాలి గొట్టాలు పెట్టాడు. మాంసం ఉడికాక చివర్లో అవి తెరిస్తే వేడి గాలి లోపలికి దూసుకొచ్చి, ఆవిరిని బయటికి నెట్టి, పైభాగాన్ని ఎర్రగా వేయించేది. అమెరికాలో పోర్ట్స్‌మత్ అనే ఊళ్లో 1807లో కట్టిన ఒక ఇంట్లో ఈ పొయ్యి ఇప్పటికీ ఉంది.

తర్వాత ఫ్యాన్ వచ్చింది. అదీ వంటింటి కోసం కాదు, విమానం కోసం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సముద్రాల మీదుగా ఎగిరే సైనికులకు చల్లటి తిండి బదులు వేడి భోజనం పెట్టాలని విలియం మాక్సన్ అనే అమెరికన్ అనుకున్నాడు. గళ్ల పళ్లెంలో మాంసం, కూర, ఆలుగడ్డ వండి గడ్డకట్టించి, విమానంలో వేడి చేసుకోవడానికి వెనక ఫ్యాన్ బిగించిన ఓవెన్ తయారుచేశాడు. ఏడాది 1945. దానికి వర్ల్‌విండ్, అంటే సుడిగాలి, అని పేరు. 1947లో ఆయన పోయాడు. ఆ భోజనాలు బజారు దాకా రానేలేదు, ఫ్యాన్ మాత్రం నిలబడింది.

చిత్రమేమిటంటే మైక్రోవేవ్ కథ కూడా 1945లోనే మొదలైంది, అదీ యుద్ధం పుణ్యమే. పన్నెండేళ్లకే బడి మానేసి మిల్లులో పనికి చేరిన పెర్సీ స్పెన్సర్ పెద్దయ్యాక రేథియాన్ కంపెనీలో రాడార్ పరికరాలు చేస్తుండగా, జేబులో ఉన్న తీపి బిళ్ల కరిగిపోయింది. అక్కడినుంచి వచ్చిన మొదటి మైక్రోవేవ్ దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు! వంటింటి గట్టు మీద పట్టేది 1967లో గానీ రాలేదు.

ఈ రెండూ తర్వాత ఎప్పుడో ఒకే పెట్టెలో చేరి మనింటికి వచ్చాయి, చిక్కంతా అక్కడే. మైక్రోవేవ్ పదార్థంలోని నీటిని కదిపి వేడి పుట్టిస్తుంది, ఎర్రబడనివ్వదు. కన్వెక్షన్ అంటే కాలిన కమ్మీ, ఫ్యాన్, ఎండు గాలి. మా ఇంట్లో అది వచ్చిన రోజు ఒకబ్బాయి వచ్చి కేకు చేసి చూపించి వెళ్లిపోయాడు. ఈ తేడా చెప్పలేదు, నేనూ అడగలేదు. తొమ్మిదేళ్లు దాంట్లో పాలు కాచాను. మొన్నమొన్న అందరూ ఎయిర్ ఫ్రయర్ అంటుంటే కొందామని వెళ్లి, అదీ 2010లో వచ్చిన చిన్న సుడిగాలి పొయ్యేనని తెలిసి, డబ్బులు మిగుల్చుకుని వచ్చాను.

ఇప్పుడు పావుకిలో బెండకాయలకు రెండు చెంచాల నూనె పట్టించి, ఒకే వరుసలో పరిచి, 180లో పాతిక నిమిషాలు పెడతాను. మధ్యలో ఒకసారి కదుపుతాను. ఉప్పు చివర్లో వేస్తాను, ముందే వేస్తే నీరొస్తుంది. దొండకాయకు ఇంకో పది నిమిషాలు కావాలి. పల్లీలు, చిలగడదుంపలు భేషుగ్గా వస్తాయి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పోస్తే మాత్రం గాలి ఆడక ఉడికిపోతాయి. పప్పుకీ అన్నానికీ కుక్కరే నయం, పోపుకి స్టవ్వే దిక్కు. లోహపు గిన్నె కన్వెక్షన్‌లో సరే గానీ, పొరపాటున మైక్రోవేవ్ నొక్కారో నిప్పురవ్వలే! దీనికి పెద్ద ప్లగ్గు కావాలని మర్చిపోకండి.

ఇదంతా చెప్పాక అమ్మ, "అయితే దిబ్బరొట్టె చెయ్యి చూద్దాం" అంది.

చిన్న ఇనుప మూకుట్లో నూనె స్టవ్ మీదే కాచి, పిండి పోసి, ముందుగా వేడెక్కించిన ఓవెన్‌లో 180లో పెట్టాను. నలభై నిమిషాలు. మోకాళ్ల నొప్పులని స్టవ్ దగ్గరికి రానని భీష్మించిన అమ్మ, హాల్లో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మధ్యలో రెండుసార్లు లేచి వచ్చి అద్దంలోంచి తొంగి చూసింది. మూత లేదు, నిప్పుల్లేవు, సవరించడానికేం లేదు. కాసేపు అలాగే నిలబడి వెళ్లిపోయింది.

ముక్క విరిచి నోట్లో వేసుకుని, "పైన బాగానే ఎర్రబడింది. అడుగే పట్టలేదు. రేపు నూనె ఇంకాస్త పొయ్యవే" అంది.