మొక్కను తెచ్చుకుని మనిషిని మరచిన చరిత్ర



గత నెలలో జలదంకి ప్రాంతానికి చెందిన ఒక తల్లి నా వద్దకు వచ్చారు. ఆమెకు జబ్బేమీ లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు కొన్నేళ్లుగా మానసిక కుంగుబాటుతో బాధపడుతున్నాడు. మాత్రలు వాడుతున్నా మనసు తేలికపడటం లేదట. ఎవరో మిత్రులు చెప్పగా ఇంట్లోనే ఒక డబ్బాలో పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టాడట. వాటిని తింటే కుంగుబాటు వదిలిపోతుందని అతని నమ్మకం.

"పుట్టకొక్కులు మనమూ వండుకుంటాం గదా డాక్టరుగారూ, వాడు తింటే తప్పేంది? కానీ వాడు మాట్లాడే తీరు చూస్తే భయమేస్తా ఉంది" అన్నారామె.

ఆమెకు నేను చెప్పిన సమాధానాన్ని వ్యాసం చివర మీ ముందుంచుతాను. అంతకు ముందు మీరు కొంత చరిత్ర తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ యువకుడు చేస్తున్న పని కొత్తదేమీ కాదు. మనసుకు మందు కోసం మనిషి మొక్కల వద్దకు, శిలీంధ్రాల వద్దకు పోవడం ఎంతో పాతది. ఆ ప్రయాణంలో మనం పదే పదే ఒకే పొరపాటు చేశాం.

మన పుట్టకొక్కు వేరు, ఆ పుట్టగొడుగు వేరు

తొలకరి వానలు పడ్డాక మన మెట్ట పొలాల గట్ల మీద, చెదపుట్టల చుట్టూ పుట్టకొక్కులు లేస్తాయి. చెదపురుగులు తమ ఆహారం కోసం పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. అదే అదను చూసి పైకి గొడుగులా విచ్చుకుంటుంది. అది మంచి ఆహారం, అంతకు మించి మనసుపై దాని ప్రభావమేమీ లేదు.

కొలరాడోలో ఆ యువకుడు పెంచుతున్నది వేరే జాతి. అందులో సైలోసైబిన్ అనే రసాయనం ఉంటుంది. అది శరీరంలో సైలోసిన్‌గా మారి, మెదడులోని సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల పాటు చూపు, వినికిడి, కాలజ్ఞానం, 'నేను' అనే భావన సైతం మారిపోతాయి.

మన పల్లెల్లో మనసును తారుమారు చేసే మొక్క ఏదైనా ఉందంటే అది ఉమ్మెత్త. శివునికి సమర్పించే ఆ పువ్వు మొక్కలో, ముఖ్యంగా గింజల్లో, అట్రోపిన్, స్కోపొలమిన్ అనే విషాలున్నాయి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో గింజలు నమిలిన ఒక పిల్లవాణ్ణి రాత్రివేళ తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, నోరు ఎండిపోయింది, కంటిపాపలు పెద్దవయ్యాయి, గాలిలో లేని దారాలను వేళ్లతో లాగుతున్నాడు. మరునాటి సాయంత్రానికి గానీ తల్లిని గుర్తుపట్టలేదు. ఉమ్మెత్త కలిగించేది దర్శనం కాదు, సన్నిపాతం. 'ప్రకృతి ఇచ్చింది కాబట్టి హాని చేయదు' అనే మాట ఎవరు చెప్పినా నాకు ఆ పిల్లవాడి వేళ్లు గుర్తుకొస్తాయి.

ఒక రాత్రి, ఒక పత్రిక, ఒక ఊరు

సైలోసైబిన్ పుట్టగొడుగు కథ ఆధునిక ప్రపంచానికి మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో, వౌత్లా అనే కొండ ఊరిలో మొదలైంది. అక్కడి మసాతెక్ తెగవారు ఆ పుట్టగొడుగులను 'పవిత్ర శిశువులు' అని పిలిచేవారు. రోగి జబ్బుకు కారణం తెలుసుకోవడానికి, చీకటిలో, దీపం ఆర్పి, పాటల మధ్య వాటిని తినేవారు. వినోదానికి తినడం వారి ఆచారంలో లేదు. ఆ రాత్రంతా రోగికి తోడుగా ఉండే పెద్ద ఒకరు తప్పనిసరి. అటువంటి వైద్యురాలు మరియా సబీనా.

1955 జూన్ చివర ఒక రాత్రి న్యూయార్కు బ్యాంకు అధికారి గోర్డన్ వాసన్ ఆమె ఇంట పుట్టగొడుగులు తిన్నాడు. తన కుమారుడి క్షేమం తెలుసుకోవాలని చెప్పి ఆమెను ఒప్పించాడు. అది నిజమైన కారణం కాదని తరువాత తేలింది. 1957 మేలో 'లైఫ్' పత్రికలో తన అనుభవాన్ని ప్రకటించాడు. ఆమె పేరు మార్చి రాసినా ఊరు దాగలేదు. పారిస్‌లో రోజే హైమ్ అనే శాస్త్రవేత్త ఆ జాతిని ప్రయోగశాలలో పెంచాడు. స్విట్జర్లాండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో అందులోని సైలోసైబిన్‌ను వేరుచేశాడు. ఆయన 1962లో వౌత్లా వెళ్లి మాత్రలుగా చేసిన సైలోసైబిన్‌ను సబీనాకే ఇచ్చాడు. వాటిలోనూ పుట్టగొడుగుల శక్తి ఉన్నదని ఆమె ఒప్పుకున్నది.

విజ్ఞానశాస్త్రానికి అది విజయమే. కానీ ఆ ఊరి సంగతి చూడండి. 1960 దశకంలో విదేశీ యువకులు గుంపులుగా వచ్చిపడ్డారు. జబ్బు లేకుండానే, తోడు లేకుండానే, పగలూ రాత్రీ తేడా లేకుండా పుట్టగొడుగులు తిన్నారు. పోలీసులు వచ్చారు. ఊరివారు సబీనానే తప్పుపట్టారు. ఆమె ఇల్లు కాలిపోయింది. పరదేశులు వచ్చాక పవిత్ర శిశువులు తమ శక్తిని కోల్పోయాయని ఆమె వాపోయింది. 1985లో పేదరాలిగానే కన్నుమూసింది. ఈ లోపల 1971 నాటి అంతర్జాతీయ ఒప్పందం సైలోసైబిన్‌ను అత్యంత కఠిన నియంత్రణ కిందికి తెచ్చింది. పరిశోధన కూడా దశాబ్దాల పాటు దాదాపు ఆగిపోయింది.

మన దేశపు వేరు

ఇదంతా పరాయి దేశపు కథ అనుకోకండి. మన సర్పగంధి సంగతి చూడండి. దాని వేరు ఉన్మాదానికి మందు అని దేశీయ వైద్యులకు తెలుసు. బీహారు ప్రాంతంలో దానిని 'పిచ్చి మందు' అనే పిలిచేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు ఉన్మాదాన్ని, రక్తపోటును తగ్గిస్తుందని వైద్యపత్రికలో రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణులు రుస్తుం జాల్ వకీల్ వ్యాసం బ్రిటిష్ పత్రికలో రాగానే ప్రపంచం కళ్లు తెరిచింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు అందులోని రెసర్పిన్‌ను వేరుచేశారు. కొద్దికాలంలోనే అమెరికా మానసిక చికిత్సాలయాల్లో అది వాడుకలోకి వచ్చింది.

తరువాత రెండు సంగతులు జరిగాయి. రెసర్పిన్ వాడినవారిలో కొందరికి తీవ్రమైన కుంగుబాటు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. ఆ సంబంధం ఎంత బలమైనదో ఇప్పటికీ చర్చ ఉన్నా, మెదడు రసాయనాలకూ కుంగుబాటుకూ లంకె ఉన్నదన్న ఆలోచనకు అది ఒక ఆధారమైంది. రెండవది, వేరే మందు కావడంతో మొక్కను కూకటివేళ్లతో పెకలించారు. అడవుల్లో సర్పగంధి ఎంతగా తరిగిపోయిందంటే 1990లో దానిని అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పిన పేర్లను ఒకసారి వెనక్కి చూడండి. అందరూ వైద్యులే, శాస్త్రజ్ఞులే. అడవిలో ఆ వేరును గుర్తుపట్టి, తవ్వి తెచ్చినవారి పేరు ఒక్కటీ లేదు.

మన ఇంటి పక్కనున్న జ్ఞానం

మన జిల్లాలో అడవి వేళ్లను గుర్తుపట్టిన చేతులు ఎక్కువగా యానాదులవి. శ్రీహరికోట దీవిలో తేనె, కుంకుళ్లు, మందు వేళ్లు సేకరించి అటవీ శాఖకు అప్పగించి, అందుకు బదులు గింజలో, కూలియో తీసుకున్నది వారే. పాముకాటుకు, జ్వరాలకు మన పెద్దలు వారి వద్దకే పోయేవారు. ఉదయగిరి దుర్గమున్న సంజీవకొండ పేరు చెబితే మనం ఇప్పటికీ చేతులు జోడిస్తాం. ఇటువంటి కొండల మీద ఏ ఆకు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారిని మాత్రం గడప బయటే నిలబెట్టాం.

అంతటితో ఆగలేదు. నేరస్థ జాతుల చట్టం కింద జలదంకికి కూతవేటు దూరంలోని కావలిలో ఎరుకల వారికి, బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్పలోనూ నిర్బంధ నివాసాలు వెలిశాయి. యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాకు ఎక్కించారు. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడిగా లెక్కించిన చట్టమది. దానిపై జీవితాంతం పోరాడినవారు మన నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య గారు. యానాదుల సంఘాన్ని నిలబెట్టి, వారి జీవితంపై గ్రంథం రాసి 1962లో ప్రచురించారు. ఆ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. 1970 ప్రాంతంలో శ్రీహరికోట రాకెట్ కేంద్రమైంది. దేశానికి అది గర్వకారణమే. అయితే దీవి యానాదుల అడవి మాత్రం వారి చేయి దాటిపోయింది.

యానాదుల మందులన్నీ పనిచేస్తాయని నేను అనడం లేదు. పాముకాటుకు ఆసుపత్రిలోని విరుగుడు సూదిమందే ప్రాణం నిలుపుతుంది, ఆకు పసరు కాదు. నేనంటున్నది వేరు. జ్ఞానాన్ని పరీక్షించాలంటే ముందు ఆ జ్ఞానం గల మనిషిని గౌరవించాలి. మనం ఆ పని చేయకపోవడంతో ఏ మొక్క మంచిదో, ఏది విషమో, ఎంత మోతాదు దాటకూడదో తెలిసిన తరాలు చెప్పకుండానే వెళ్లిపోయాయి.

ఇది వేరొక విధంగానూ సాధ్యమే. 1987లో కేరళ అగస్త్య కొండల్లో దారి చూపుతున్న కాణి తెగవారు ఒక చిన్న మొక్క పండ్లు తిని అలసట లేకుండా నడవడం శాస్త్రజ్ఞులు గమనించారు. ఆ 'ఆరోగ్యపచ్చ' నుంచి తిరువనంతపురం వద్ద ఉన్న ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ 'జీవని' అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు హక్కులిచ్చింది. వచ్చిన సొమ్ములో సగం కాణి వారి ట్రస్టుకు కేటాయించింది. అందులోనూ లోటుపాట్లు లేకపోలేదు. అయినా మొక్కతో పాటు మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్న ఉదాహరణ అది.

నేటి సాగుదారులు, ఉద్యమకారులు

ఇక వర్తమానానికి వద్దాం. 2019లో అమెరికాలో డెన్వర్ నగర ఓటర్లు, ఓక్లండ్ నగర మండలి సైలోసైబిన్ పుట్టగొడుగుల కేసులకు పోలీసులు చివరి ప్రాధాన్యం ఇవ్వాలని నిర్ణయించారు. 2020లో ఒరెగాన్, 2022లో కొలరాడో ఓటర్లు మరో అడుగు ముందుకు వేశారు. కొలరాడోలో 21 ఏళ్లు నిండినవారు సొంతానికి పెంచుకోవడం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కాదు. 'ప్రకృతి అందరిదీ' అన్నది ఈ ఉద్యమకారుల వాదన. అందులో నిజాయితీపరులు చాలామంది ఉన్నారు. యుద్ధం నుంచి తిరిగివచ్చి నిద్రపట్టని సైనికులు, ఏ మాత్రకూ లొంగని కుంగుబాటు గలవారు వారిలో కనిపిస్తారు.

అయితే వారికి ఎదురుచెప్పినది పోలీసులు మాత్రమే కాదు. టెక్సాస్ దక్షిణాన పెయోటీ అనే చిన్న నాగజెముడు జాతి మొక్క ఉంది. అక్కడి ఆదివాసీ చర్చికి అది ప్రసాదంతో సమానం. విత్తనం నుంచి ఎదగడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అందరికీ అనుమతిస్తే అది అంతరించిపోతుందని, తమ మొక్కను మీ జాబితా నుంచి తీసివేయాలని ఆదివాసీ పెద్దలు 2020లో ఉద్యమకారులను కోరారు. కొలరాడో చట్టం పెయోటీని మినహాయించింది. మొక్కను కాచేవారి మాట ఈసారి కొంత వినబడింది.

ఆ తల్లికి నేను చెప్పినది

మరి ఈ మందు పనిచేస్తుందా? 2022లో న్యూ ఇంగ్లండ్ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనంలో, మందులకు లొంగని కుంగుబాటు గల 233 మంది పాల్గొన్నారు. 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్ ఒక్కసారి తీసుకున్నవారిలో మూడు వారాల తరువాత 37 శాతం మందికి గణనీయమైన మెరుగుదల కనిపించింది. నామమాత్రపు మోతాదు తీసుకున్నవారిలో అది 18 శాతం. ఆశ కలిగించే ఫలితమే. కానీ ఆ అధ్యయనంలో కొందరికి ఆత్మహత్య ఆలోచనలు కూడా కలిగాయి. వారిని ముందుగా వడకట్టి ఎంపిక చేశారు, మోతాదు తూచి ఇచ్చారు, ఆ గంటలన్నీ శిక్షణ పొందినవారు పక్కనే కూర్చున్నారు. గమనించారా? వౌత్లా కొండ మీద మరియా సబీనా చేసినదీ అదే. రోగిని ఎరగడం, మోతాదు ఎరగడం, తోడుండటం. ఈ మూడూ లేని డబ్బాలోని పుట్టగొడుగు మందు కాదు.

"అమ్మా, వాడు రోజూ వేసుకునే మాత్రల పేర్లు చదివించండి" అన్నాను. అక్కడికక్కడే ఫోన్ చేశారు. అతను ఒక్కొక్క పేరే చదివాడు. మూడవది లిథియం.

లిథియం వాడేవారు సైలోసైబిన్ తీసుకుంటే మూర్ఛలు వచ్చిన సందర్భాలు నమోదై ఉన్నాయి. ఆ మాట చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. "ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు అంకుల్" అన్నాడు. ఎవరు చెబుతారు? డబ్బా అమ్మినవారికి అతను ఎవరో తెలియదు. ఆ రోజే తన వైద్యుడితో మాట్లాడాడు. డబ్బాను పక్కన పెట్టాడు. మందు మోతాదు మార్చారు, ఇప్పుడు వారం వారం తల్లితో మాట్లాడుతున్నాడు.

మీ ఇళ్లలోనూ ఇటువంటి ప్రశ్న రావచ్చు. కాబట్టి ఈ మాటలు గుర్తుంచుకోండి. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద సైలోసైబిన్ నిషిద్ధం. అమెరికాలో రాష్ట్రం అనుమతించినా కేంద్ర చట్టం అనుమతించదు, వీసాపై ఉన్నవారికి అది మరింత ప్రమాదం. మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ స్కిజోఫ్రెనియా, బైపోలార్ జబ్బు ఉంటే ఆ పుట్టగొడుగు నిద్రిస్తున్న జబ్బును లేపగలదు. దాని కోసం వాడుతున్న కుంగుబాటు మాత్రలను సొంతంగా ఆపడం ఇంకా ప్రమాదం. పొలంలో దొరికిన తెలియని పుట్టగొడుగులను వెండి నాణెంతోనో, వెల్లుల్లితోనో పరీక్షించి తినకండి. ఆ పరీక్షలు అబద్ధం. కొన్ని విషపు జాతులు తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల వరకు ఏ లక్షణమూ చూపవు. ఒక పూట తగ్గినట్టే నటించి, మూడవ రోజుకు కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

మనసు కుంగినప్పుడు రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడటానికి టెలిమానస్ నంబరు 14416 ఉంది. అమెరికాలోని పిల్లలకు 988 ఉంది.

చివరిగా ఒక్క విన్నపం. మీ ఊరి చివర యానాది పెద్దలెవరైనా ఇంకా ఉంటే, ఒక సాయంత్రం వెళ్లి కూర్చోండి. ఏ ఆకు దేనికో అడిగే ముందు, వారి పేరు అడగండి.