హైదరాబాద్ బెలూన్లు వెతికిన ఎక్స్-రే చుక్కలు

మన మధిరలో కరెంటు పోయిన రాత్రి డాబా ఎక్కితే బోలెడు చుక్కలు. కానీ ఆకాశం నుంచి వచ్చే ఎక్స్-రేలు మాత్రం మన దాకా రావు, పైనున్న గాలే మింగేస్తుంది. వాటిని పట్టాలంటే మనమే పైకి పోవాలి.

1962లో అమెరికాలో రికార్డో జకోనీ టీమ్ రాకెట్ పంపి, వృశ్చిక రాశిలో స్కార్పియస్ ఎక్స్-1ని కనిపెట్టింది. ఆరేళ్లకే, 1968లో, టాటా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు హైదరాబాద్ నుంచి బెలూన్‌కి డిటెక్టర్ కట్టి వదిలి, దాని ఎక్స్-రేలనే కొలిచారు. రాకెట్‌కి దొరికేది కొన్ని నిమిషాలు. బెలూన్ అయితే గంటల తరబడి పైనే ఉంటుంది.

హైదరాబాదే ఎందుకు? ఇది భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గర. ఇక్కడ కాస్మిక్ కిరణాల్లో చాలావాటిని ఆ అయస్కాంత శక్తే పక్కకి తోసేస్తుంది. అంటే గోల తక్కువ, సిగ్నల్ క్లియర్.

తర్వాత మన బెలూన్లు సిగ్నస్ ఎక్స్-1ని కూడా చూశాయి. అసలు కథ ఈ రెండిటి తేడాలోనే ఉంది. రెండూ జంటలే. చచ్చిపోయిన నక్షత్రం పక్కదాని గ్యాస్‌ని లాక్కుంటుంది, ఆ గ్యాస్ లక్షల డిగ్రీలు వేడెక్కి ఎక్స్-రేలు చిమ్ముతుంది. స్కార్పియస్‌లో ఆ పక్కది చిన్నది, నిదానంగా బతికేది. సిగ్నస్‌లో సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైనది. సూర్యుడి ఆయుష్షు సుమారు 1000 కోట్ల ఏళ్లు. అంత బరువైన నక్షత్రం కొన్ని పదుల లక్షల ఏళ్లకే అయిపోతుంది. అది ఇంకా వెలుగుతోందంటే, ఈమధ్యే పుట్టిందన్నమాట!

ఇప్పుడు గెలాక్సీల దగ్గరికి వద్దాం. 1978లో వెళ్లిన ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ, మామూలు గెలాక్సీలు కూడా ఎక్స్-రేలు ఇస్తాయని చూపించింది. 1999లో వెళ్లిన చంద్ర టెలిస్కోప్ వాటిలోని జంటలను విడివిడిగా చూపింది. లెక్క 2003కల్లా తేలింది: సిగ్నస్ లాంటి జంటలు ఎక్కువున్న గెలాక్సీలో కొత్త నక్షత్రాలు కూడా ఎక్కువ పుడుతున్నాయి. అంటే చావు వెలుగు చూసి పుట్టుకలు లెక్కపెడుతున్నాం!

2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఎక్స్-రే, అల్ట్రావయొలెట్ టెలిస్కోపులు రెండూ ఉన్నాయి. కొత్త నక్షత్రాలు ఎక్కువగా వెలిగేది అల్ట్రావయొలెట్‌లోనే.

హైదరాబాద్ నుంచి బెలూన్లు ఇప్పటికీ ఎగురుతున్నాయి. వాటి పెట్టెలు పారాచూట్లతో చేలల్లో దిగుతుంటాయి. మీ చేలో దిగితే విప్పకండి, ముట్టుకోకండి, పోలీసులకి చెప్పండి. లోపల ఏ నక్షత్రం కబురుందో! నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.