లాతూర్ పాస్టెల్ రూపచిత్రములు: ప్రతిలేఖనాభ్యాసము

ఫ్రాన్సు దేశీయుడగు మోరీస్ కాంతెన్ ద లాతూర్ (1704–1788) పాస్టెల్ వర్ణములతో రచించిన ముఖములకు, విశేషించి ఆయన జన్మస్థలమగు సెంకాంతెన్ పట్టణపు లెక్యుయే మ్యూజియమునందలి సన్నాహచిత్రములకు, ప్రతులు వ్రాయుట రూపచిత్రకళాభ్యాసమున కుత్తమమార్గము. ఏలయన, పూర్తియైన చిత్రములలో మఱుగుపడు గీతలు వీనియందు విడివిడిగా గోచరించును. అభ్యాసకుడు వన్నె కాగితముపై తొలుత తల వంపును, కన్నుల నడిమి దూరమును సరిచూచుకొని, వెలుగునీడలను స్థూలముగా నిలిపి, పిమ్మటనే కనుఱెప్ప అంచును, ముక్కు ప్రక్కనుండు బూడిదవన్నె నీడను, క్రింది పెదవిపై తడి మెఱపును దిద్దవలెను. వ్రేలితో నతిగా రుద్దినచో పాస్టెల్ పొడి కాగితపు గరుకులో కూరుకొని కాంతి నశించును. లాతూర్ ముఖములలోని సజీవత్వము చాలవఱకు రుద్దక విడిచిన గీతలయందే యున్నది.